టాపు మీద జంగు... గుండెలో బెంగ!

బండి తళతళలాడుతుంటుంది. ముందద్దం మీద దేవుడి బొమ్మ, వెనక రంగురంగుల అక్షరాలు, లోపల వేలాడే కుచ్చులు... డ్రైవరు రోజూ పొద్దున్నే బకెట్‌ నీళ్లతో కడుగుతాడు, తడిగుడ్డతో తుడుస్తాడు. ఆ తుడుపు కిటికీల దగ్గరే ఆగిపోతుంది. అదే నిచ్చెనెక్కి టాపు మీదికి చూస్తే? పెచ్చులూడిన రంగు, దానికింద ఎర్రమన్ను పూసినట్టున్న పైపులు, ముట్టుకుంటే అరచేతికి అంటుకునే పొడి! కొందరు దాన్ని తుప్పంటారు. తెలంగాణ పల్లెల్లో 'జంగు పట్టింది' అంటారు. పేరేదైనా అది చేసే పని ఒకటే... ఇనుముని నమిలేయడం.

ఖమ్మం జిల్లా తిరుమలాయపాలెం లాంటి మండలంలో టాపు మీది క్యారియర్‌ షోకు కోసం పెట్టించుకునేది కాదు. పత్తి, మిరప పండించే పల్లెలవి. ఇటు ఖమ్మం మార్కెట్టు, అటు మరిపెడ. సొంతంగా ఓ జీపో, ట్రాక్సో నడుపుకునే కుటుంబానికి లోపలి సీట్లు ఎంత ముఖ్యమో పైనున్న క్యారియరూ అంతే ముఖ్యం. విత్తనాల కాలంలో ఎరువు బస్తాలు, పెళ్లిళ్ల కాలంలో వంటపాత్రలు, మంచాలు, బీరువాలు, శ్రీరామనవమికి భద్రాద్రి వెళ్లే వాళ్ల మూటలు, రెండేళ్లకోసారి మేడారం జాతరకి వెళ్లేవాళ్ల బిందెలు, వంటచెరకు, అమ్మవార్లకి సమర్పించే బెల్లం... అన్నీ ఎక్కేది దానిమీదే. ఇంత పని చేసే క్యారియర్‌కి ఏడాదికోసారైనా మరమ్మతు జరుగుతుందా అంటే, జరగదు. మహా అయితే ఫిట్‌నెస్‌ పరీక్షకి ముందురోజు ఓ డబ్బా నల్లరంగు తెచ్చి పైపైన పూసేస్తారు. అక్కడే ఉంది అసలు తిరకాసు.

ఎందుకంటే తుప్పు మీద వేసిన రంగు ఇనుముని కాపాడదు, తుప్పుని కాపాడుతుంది. పైకి కనపడకుండా దాని పని అది చేసుకుపోవడానికి పరదా కట్టినట్టవుతుంది. ఏ వానాకాలమో, గతుకుల రోడ్డు మీద, నిండా బరువుతో ఉన్నప్పుడు కాలు దగ్గర వెల్డింగు విడిపోతే? తాడుతో సహా సామానంతా రోడ్డుమీద! వెనకే బైకు మీద భార్యాబిడ్డలతో వస్తున్న మనిషి ఉంటే... ఆ తర్వాతి మాట ఏ డ్రైవరూ ఊహించుకోడానిక్కూడా ఇష్టపడడు.

ఎర్రమట్టి నుంచి ఎర్రమట్టికి

ఇంతకీ ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది? నిజానికి 'ఎందుకు పట్టకుండా ఉంటుంది' అనడగాలి. తిరుమలాయపాలేనికి పెద్ద దూరంలో లేని బయ్యారాన్నే తీసుకోండి. ఒకప్పుడు ఖమ్మం జిల్లాలో ఉండి, 2016 నుంచి మహబూబాబాద్‌ జిల్లాలోకి వెళ్లిన ఆ ప్రాంతానికి ఇనుప ఖనిజం వల్లే పేరొచ్చింది. ఖనిజమంటే ఏంటి? ఆక్సిజన్‌తో కలిసిపోయిన ఇనుము. అంటే భూమిలో ఇనుము దొరికేదే దాదాపు తుప్పు రూపంలో! దాన్ని కొలిమిలో వేసి, బొగ్గుతో మండించి, ఆక్సిజన్ని బలవంతంగా విడగొడితే ఇనుమొస్తుంది. అలా విడిపోయిన ఇనుము అవకాశం దొరికితే చాలు, మళ్లీ ఆక్సిజన్‌తో చేతులు కలపాలని చూస్తుంది. గాలీ నీరూ రెండూ దొరికితే దానికి పండగే.

అల్యూమినియం కూడా గాలి తగిలితే ఆక్సైడ్‌గా మారుతుంది. కానీ ఆ పొర గట్టిగా, సన్నగా అతుక్కుపోయి లోపలి లోహానికి కవచంలా పనిచేస్తుంది. ఇనుము తుప్పు అలాకాదు. గుల్లగా ఉంటుంది, నీళ్లు పీలుస్తుంది. పైగా అసలు ఇనుము కన్నా ఎన్నోరెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు కింద పొంగి, దాన్ని బొబ్బల్లా పైకి లేపుతుంది. బొబ్బ పగిలితే ఇంకాస్త నీరు, ఇంకాస్త తుప్పు. ఈ జంగు మింగేది తక్కువేం కాదు. లోహాల తుప్పు వల్ల ప్రపంచానికి ఏటా రెండున్నర లక్షల కోట్ల డాలర్ల నష్టమని 2016లో నేస్‌ అనే అంతర్జాతీయ సంస్థ లెక్కగట్టింది. ప్రపంచ స్థూల ఉత్పత్తిలో అది 3.4 శాతం!

మన క్యారియర్ల విషయంలో వానొక్కదాన్నే తిట్టి లాభంలేదు. ఎరువు బస్తాలకీ అందులో పెద్ద వాటా ఉంది. పొటాష్‌ ఎరువు రసాయనికంగా చూస్తే పొటాషియం క్లోరైడ్‌... అంటే ఉప్పుకి చుట్టం. అమ్మోనియా ఎరువులూ ఇనుముకి పడవు. బస్తా కుట్టు దగ్గర రాలిన నాలుగు పలుకులు పైపుల సందులో ఉండిపోతాయి. రాత్రి మంచుకి చెమ్మగిల్లి ఉప్పునీళ్లవుతాయి. సముద్రం ఎంతో దూరంలో ఉన్నా, సముద్రపు ఒడ్డున నిలబెట్టిన బండికి పట్టినంత తుప్పు దీనికీ పడుతుంది. బస్తాలు దించాక రెండు బకెట్ల నీళ్లు కుమ్మరిస్తే సగం బెడద తప్పుతుంది. ఎంతమంది చేస్తున్నారు?

ఇంకో ముచ్చట. తాడు ఒరిపిడికి రంగు పోకుండా చాలామంది పైపులకి పాత సైకిల్‌ ట్యూబులు చుడతారు. చూడ్డానికి భలే ఉపాయం. కానీ ట్యూబు కింద చేరిన నీరు ఎండకి ఆరదు, గాలికి ఎగరదు. వారాలతరబడి అక్కడే నానుతుంది. ట్యూబు విప్పి చూస్తే, మిగతా పైపు బాగానే ఉండి అక్కడ మాత్రం చేవ పోయి ఉంటుంది. చుడితే తప్పులేదు, వానాకాలంలో విప్పి ఆరబెట్టకపోవడమే తప్పు.

ముందు సుత్తి... తర్వాతే బ్రష్షు

క్యారియర్‌ని బాగుచేయాలంటే మొదట దాన్ని కిందికి దించాల్సిందే. బండి మీదే ఉంచి పూస్తే కాళ్ల అడుగుభాగానికి బ్రష్షు చేరదు. తుప్పు మొదలయ్యేది అక్కడే మరి! బిగుసుకుపోయిన బోల్టులకి ముందురోజు రాత్రే కిరోసినో డీజిలో పోసి నాననిస్తే పొద్దునకి కాస్త లొంగుతాయి. లొంగనివాటిని కోసెయ్యడమే. పాత బోల్టుల మీద మమకారం వద్దు, కొత్తవి కొనుక్కోవాలి.

దించాక చేయాల్సింది రంగు కొట్టడం కాదు, సుత్తితో కొట్టడం. పైపు పొడవునా మెల్లగా తట్టుకుంటూ వెళ్తే గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల గుల్లయినచోట మొద్దుగా పలుకుతుంది. అనుమానం వచ్చినచోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. దిగబడిందా, ఆ ముక్కకి ఏ రంగూ ప్రాణం పొయ్యలేదు. కోసి, కొత్త పైపు ముక్క పెట్టి వెల్డింగు చేయించాలి. కొందరు ఎంసీల్‌ పెట్టి చిల్లు పూడ్చేసి పైన రంగేస్తారు. బొమ్మకైతే సరిపోతుంది. క్వింటాళ్ల బరువు మోసేదానికి సరిపోదు.

వెల్డింగు అయ్యాక అతుకు చుట్టూ నల్లటి పెంకులాంటి మడ్డి, చిన్నచిన్న ఇనుప గుండ్లు అతుక్కుని ఉంటాయి. హడావుడిలో వాటినలాగే వదిలేస్తే రంగు వాటికి అంటుకుంటుంది కానీ ఇనుముకి అంటుకోదు. అవి రాలిననాడు రంగూ రాలుతుంది. క్యారియర్లన్నీ ముందు అతుకుల దగ్గరే ఎర్రబడేది ఇందుకే. మరో చిన్న కిటుకు... పైపుల చివర్లు మూసి ఉంటే నీళ్లు చేరకుండా చూడాలి. లేదా అడుగువైపు ఓ సన్న చిల్లు వేయాలి. లోపల చేరిన నీరు బయటికి పోయే దారి లేకపోతే పైన ఎంత ఖరీదైన పూత వేసినా, తుప్పు లోపల్నుంచి బయటికొస్తుంది.

తర్వాత గీకుడు. వైరు బ్రష్షు, ఎమరీ పేపరు, గ్రైండరుకి తగిలించే తీగల చక్రం... ఏదైనా సరే. పెచ్చులన్నీ పోయి తెల్లటి ఇనుము కనపడాలి. ఇసుకని గాలి వేగంతో చిమ్మే బ్లాస్టింగ్‌ చేయించగలిగితే ఇంకా మంచిది, మూలల్లోకీ వెళ్తుంది. రంగుపనివాళ్లెవర్నడిగినా మొత్తం పనిలో ముప్పాతికవంతు గీకడమేనంటారు. డబ్బులిచ్చేవాళ్లకి మాత్రం అది కళ్లకి కనపడదు. కనపడేది పైన మెరుపే కదా! కాబట్టి పని ఒప్పుకునేటప్పుడే 'ప్రైమర్‌ వేసేముందు నాకు చూపించాలి' అని చెప్పుకోవడం మేలు. కక్కుర్తిపడే చోటంతా ఇక్కడే ఉంటుంది.

ఇళ్లముందు ఈ పని చేసేవాళ్లకి ఓ హెచ్చరిక. పాతరంగుల్లో సీసం ఉండొచ్చు. ఇంటి రంగుల్లో సీసం పదిలక్షల పాళ్లలో 90 పాళ్లకి మించకూడదన్న నిబంధన మనదేశంలో 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. బళ్లకీ యంత్రాలకీ వేసే పారిశ్రామిక రంగులు ఆ నిబంధన కిందికి రావు. పసుపుపచ్చగా ఉండే పాతకాలపు జింక్‌ క్రోమేట్‌ ప్రైమర్‌ అయితే క్యాన్సర్‌ కారకం. ఆ పొడి గాల్లోకి లేస్తే పక్కనే ఆడుకునే పిల్లల ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. తడిపి గీకాలి. ముక్కుకి మంచి మాస్కు, కళ్లకి అద్దాలు ఉండాలి. రాలిన పొడిని ఊడ్చి బావిగట్టున పారేయకూడదు.

కరక్కాయ కథ

ఎంత గీకినా గుంటల్లో, మూలల్లో కాస్త తుప్పు మిగులుతుంది. దానికోసం మార్కెట్లో 'రస్ట్‌ కన్వర్టర్‌' అనే ద్రావణాలు దొరుకుతున్నాయి. వీటిలో ప్రధానంగా రెండు రకాల ఆమ్లాలుంటాయి. ఒకటి ఫాస్ఫారిక్‌ ఆమ్లం, రెండోది టానిక్‌ ఆమ్లం. పూసిన కాసేపటికి ఎర్రటి తుప్పు నల్లగా మారిపోతుంది. ఏదో విదేశీ మాయలా అనిపిస్తుంది కానీ, ఈ రహస్యం మనవాళ్లకి ఎప్పట్నుంచో తెలుసు.

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు నల్లరంగు ఎలా చేస్తారో తెలుసా? తుప్పుపట్టిన ఇనుపముక్కల్ని బెల్లం నీళ్లలో కొన్ని వారాలపాటు నానబెడతారు. బట్టని ముందే కరక్కాయ, పాలు కలిపిన ద్రవంలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. ఆ బట్ట మీద కలంతో ఇనుము నీళ్లని గీస్తే... గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్‌, నీళ్లలోని ఇనుముతో కలవడం వల్ల పుట్టే నలుపది. ఉతికినా పోదు. రస్ట్‌ కన్వర్టర్‌లో జరిగేదీ సరిగ్గా అదే! ఆ కరక్కాయలేమో భద్రాచలం మన్యంలో గిరిజనులు ఏరుకొచ్చి, గిరిజన సహకార సంస్థకి అమ్మే అటవీ ఫలసాయాల్లో ఒకటి. అలాగని ఇంట్లో కరక్కాయ కషాయం కాచి క్యారియర్‌కి పూస్తే సరిపోదు. డబ్బాల్లో దొరికేవాటిలో టానిన్‌తోపాటు పొరలా గడ్డకట్టే రెసిన్‌ కూడా కలుపుతారు. అదీ గుంటల్లో మిగిలిన పలచటి తుప్పుకే. మందంగా పెచ్చులు కట్టినదాని మీద ఏదీ పనిచేయదు.

ఫాస్ఫారిక్‌ కథా ఇలాంటిదే. ఢిల్లీలో కుతుబ్‌మినార్‌ పక్కనున్న ఇనుప స్తంభం 1600 ఏళ్లుగా ఎండావానల్లో నిలబడే ఉంది. కాన్పూర్‌ ఐఐటీ ఆచార్యుడు బాలసుబ్రమణ్యం దానిమీద ఏళ్ల తరబడి పరిశోధించి, ఆనాటి ఇనుములో ఉన్న భాస్వరమే రక్షణ పొరని తయారుచేస్తోందని తేల్చారు. మన క్యారియర్‌ పైపులో అంత భాస్వరం ఉండదు. అందుకే పైనుంచి పూయాల్సి వస్తోంది.

ఏ పూత వేయిద్దాం?

ఇక అందరూ అడిగే ప్రశ్న ఇదే. చౌకలో అయ్యేది రెడాక్సైడ్‌ ప్రైమర్‌, పైన సింథటిక్‌ ఎనామిల్‌. రెడాక్సైడంటే ఏంటో కాదు, ఐరన్‌ ఆక్సైడ్‌ పొడే! తుప్పుకి తుప్పుతోనే అడ్డుకట్టన్నమాట. ఇంటి గేటుకీ, కిటికీ ఊచలకీ బాగానే పనికొస్తుంది. కానీ ఒక్కో పూత మందం పాతిక ముప్పై మైక్రాన్లు... మన తలవెంట్రుకలో సగం కన్నా తక్కువ. రోజూ బస్తాలు ఈడ్చి, తాళ్లు బిగించే క్యారియర్‌ మీద అదెన్నాళ్లుంటుంది? ఒక వానాకాలం ఆగితే గొప్ప. ఏడాదికోసారి ఓపిగ్గా గీకి మళ్లీ వేసుకునేవాళ్లకి మాత్రం ఇదే మంచిది, ఖర్చూ తక్కువ.

దానికన్నా మెరుగైనది రెండు డబ్బాల ఎపాక్సీ ప్రైమర్‌. ఒక డబ్బాలో రెసిన్‌, రెండోదాంట్లో గట్టిపరిచే మందు. చెప్పిన పాళ్లలో కలిపి, చెప్పిన గడువులోగా వాడేయాలి. కొలతలో తేడా వస్తే ఎన్నాళ్లయినా జిడ్డుగానే ఉండిపోతుంది. ఇనుముని గట్టిగా పట్టుకోవడంలో దీనికి సాటిలేదు. కాకపోతే ఎండకి పైన సున్నం రాలినట్టు తెల్లబడుతుంది. ఖమ్మం ఎండల సంగతి వేరే చెప్పాలా? అందుకే దానిమీద పాలీయురెథేన్‌... షాపులవాళ్ల భాషలో 'పీయూ' రంగు వేయాలి. ఎండని తట్టుకునేది ఇదే. అయితే పీయూ రంగులోని ఐసోసయనేట్లు ఊపిరికి చేటు. స్ప్రే చేసేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు పనిచేయదు. ఇంటి వాకిట్లో చేసే పని కాదు, షెడ్డులో పనివాళ్లకే వదిలేయాలి. ఆ పనివాడి ముక్కుకి సరైన మాస్కు ఉందో లేదో చూసే బాధ్యత కూడా డబ్బులిచ్చేవాళ్లదే.

అన్నట్టు, పాతకాలంలో పని అయిపోయాక కొడవలికి, పారకి ఆముదం రాసి చూరులో చెక్కేవారు. ఆ ఆముదాన్నే శుద్ధిచేసి, నీటి అంశ తొలగించి ఎనామిల్‌ రంగుల తయారీలో వాడతారు. పీయూ పూతల తయారీలోనూ దానికి చోటుంది. బామ్మల వైద్యం డబ్బాలోకెక్కిందనుకోవచ్చు.

కార్లున్న కుటుంబాల్లో ఈమధ్య బాగా వినిపిస్తున్నది పౌడర్‌ కోటింగ్‌. ఇందులో రంగు పొడిగా ఉంటుంది. విద్యుదావేశంతో ఇనుముకి అంటుకునేలా చిమ్మి, 180 నుంచి 200 డిగ్రీల వేడి ఉండే ఓవెన్‌లో పెడతారు. పొడి కరిగి ఒకే పొరలా పరుచుకుంటుంది. అందంగా ఉంటుంది, గీతలకి త్వరగా లొంగదు. చిక్కల్లా ఓవెన్‌తోనే. జీపు క్యారియర్‌ నిలువునా పట్టేంత ఓవెన్‌ అన్నిచోట్లా ఉండదు. రెండోది, పొర ఎక్కడైనా పగిలితే నీరు దానికిందికి పాకుతుంది. ఇంట్లో కూర్చుని అతుకు వేసుకోవడం కుదరదు. ఆదివారం షికార్లకీ, సూట్‌కేసులకీ ఇది బాగు. ఎరువు బస్తాలకి మరోటి చూసుకోవాలి.

ఆ మరోటి అమెరికాలో పికప్‌ ట్రక్కుల తొట్లకి వేసే 'బెడ్‌ లైనర్‌'. పాలీయురెథేన్‌, పాలీయూరియా జాతి పూతే కానీ మందం మిల్లీమీటర్లలో ఉంటుంది. ఆరాక గరుకుగా, రబ్బరులా తయారవుతుంది. బస్తా జారదు, దెబ్బ తగిలినా పెచ్చు లేవదు. మనదగ్గరా ఆఫ్‌రోడ్‌ బళ్ల మోజున్నవాళ్లు వేయించుకుంటున్నారు. ఖరీదెక్కువే. పైగా కింద ఇనుము సరిగ్గా శుభ్రం చేయకపోతే అంత మందం కింద తుప్పు ఎంత ముదిరినా బయటికి తెలియదు. మంచి పూతే మోసం చేసినట్టవుతుంది!

అసలు రంగే అక్కర్లేని పద్ధతి ఇంకోటుంది. పొలాల మధ్య నిలబడ్డ హైటెన్షన్‌ కరెంటు టవర్లని ఎప్పుడైనా గమనించారా? వాటికి రంగు ఉండదు, బూడిదరంగులో దశాబ్దాలు అలాగే ఉంటాయి. అది గాల్వనైజింగ్‌ మహిమ. సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ఇనుముని ముంచి తీస్తారు. జింకు గొప్పతనం ఏంటంటే, గీత పడి ఇనుము బయటపడినా ముందు తను తుప్పుపట్టి ఇనుముని కాపాడుతుంది. ఏ రంగూ చేయలేని త్యాగమది. కొత్త క్యారియర్‌ చేయించుకునేవాళ్లు మొదట్నుంచే గాల్వనైజ్డ్‌ పైపుతో చేయించుకుంటే సగం గొడవ ఉండదు. పాతదాన్ని ముంచాలంటే మాత్రం పైపులకి గాలి పోయే చిల్లులు తప్పనిసరి. మూసుకుపోయిన పైపుని ఆ వేడిలో ముంచితే లోపలి చెమ్మ ఆవిరై బాంబులా పేలుతుంది.

పుష్యమాసం... మంచి ముహూర్తం

మనసులో అనుకున్నదే తడవు బ్రష్షు పట్టుకుంటే కుదరదు. దీనికీ ముహూర్తముంది. వానాకాలంలో గాల్లో చెమ్మ ఎక్కువ. గీకిన ఇనుము గంటల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. మే నెలలో అయితే ఇనుము చెయ్యి కాలేంత వేడెక్కి, రంగు పరుచుకోకముందే పైన మీగడ కట్టేస్తుంది. మరి కిరాయిబండి వాళ్లు ఏం చేయాలి? పెళ్లిళ్లుండని మాసం కదా అని ఆషాఢంలో పెట్టుకుంటారు చాలామంది. అది వానల రోజులు. పుష్యమాసంలోనూ పెళ్లిళ్లుండవు, గాలి పొడిగా ఉంటుంది, ఎండ మెత్తగా ఉంటుంది. మిర్చి మార్కెట్‌ ముమ్మరం కావడానికీ, మాఘంలో పెళ్లిళ్లు మొదలవడానికీ, జాతర ఏడాదైతే మేడారం బేరాలకీ ముందే పనైపోతుంది.

ఒకటే జాగ్రత్త... చలికాలం పొద్దున ఇనుము మీద మంచు ఉంటుంది. కంటికి కనపడకపోయినా చెమ్మ ఉంటుంది. పది దాటాక మొదలుపెట్టి, మూడు నాలుగింటికల్లా బ్రష్షు కడిగేసుకోవాలి. థిన్నర్‌తో జిడ్డు తుడిచిన తర్వాత ఒట్టి చేత్తో ముట్టుకోకూడదు. గీకిన రోజే ప్రైమర్‌ పడిపోవాలి. రంగు చేతికి అంటకపోయినంత మాత్రాన ఆరిపోయినట్టు కాదు. పీయూ, ఎపాక్సీలు పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. మర్నాడే బస్తాలెక్కిస్తే తాడు అచ్చు అలాగే దిగిపోతుంది. వారం కిరాయి పోతుందే అని బాధపడేవాళ్లు, ఆ వారం క్యారియర్‌ లేకుండా ఒట్టి సీట్లతో బండి నడుపుకోవచ్చు.

బిగించేటప్పుడు కాళ్ల కింద కొత్త రబ్బరు ముక్కలు వేయాలి. లేదంటే క్యారియర్‌ బాగుపడి బండి టాపుకి జంగు మొదలవుతుంది. బరువు సంగతీ గుర్తుంచుకోవాలి. చాలా కార్ల టాపు మీద కంపెనీలు ఒప్పుకునేది 50 నుంచి 75 కిలోలే, అందులో క్యారియర్‌ బరువూ కలిసే ఉంటుంది. జీపులకీ ట్రాక్సులకీ ఎంతన్నది వాటి పుస్తకంలో ఉంటుంది. మనుషుల్నయితే అసలు ఎక్కించకూడదు. టాపు మీద ప్రయాణం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 123వ సెక్షన్‌ ప్రకారం నేరం. పూత ఎంత గట్టిదైనా ఆ లెక్క మారదు.

తొలకరి పడ్డాక మొదటి ఆదివారం నిచ్చెన వేసుకుని ఓసారి పైకెక్కి చూడండి. తాడు ఒరుసుకునే చోట, కాళ్ల దగ్గర, అతుకుల దగ్గర... అగ్గిపుల్ల తలంత ఎరుపు కనపడితే ఎమరీ ముక్కతో రుద్ది, రెండు చుక్కల ప్రైమర్‌, దానిమీద రెండు చుక్కల రంగు. అరగంట పని.